జేబులో చీటీలు

ఆయన చొక్కాలు నానబెట్టే ముందు జేబులు వెతకడం నా పని. మా ఆయన జిమ్‌లో ట్రైనర్. ఎవరిచేత ఏ వ్యాయామం చేయించాలో, ఎన్నిసార్లో, నిలబడినచోటే చీటీల మీద గిలికి జేబులో కుక్కేస్తారు. చెమటకి మెత్తబడ్డ ఆ చీటీలను ఆరబెట్టి, మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక, ఒక్కొక్కరి కార్డులోకి గుండ్రంగా ఎత్తి రాస్తాను. మూడేళ్ళుగా ఇదే తంతు. మొదట్లో ఆయనవే రాసేదాన్ని. తర్వాత "మీ ఆవిడ రాత ముత్యాల్లా ఉంటుందండీ" అంటూ మిగతా ట్రైనర్లు కూడా తమ చీటీలు పంపడం మొదలుపెట్టారు. కార్డు అడుగున 'ట్రైనర్ పేరు' అని ఒక గడి ఉంటుంది. అందులో వాళ్ళ పేర్లు కూడా నేనే రాస్తాను. "ఎలాగూ మధ్యాహ్నం ఖాళీయేగా" అంటుంది అత్తయ్య. నేను ఖాళీగా ఉండగా ఆవిడ ఎప్పుడు చూసిందో అడగాలని చాలాసార్లు అనుకున్నాను.

అలా రాస్తూ ఉండగానే నాకు ఒక సంగతి తెలిసింది. ఒకటే జిమ్, నలుగురు ట్రైనర్లు, వ్యాయామాలకి మాత్రం ఎవరి పేర్లు వాళ్ళవి. వీపుకి కర్ర ఆనించుకుని, నడుం వంచకుండా తుంటి దగ్గర మాత్రమే వంగే వ్యాయామం ఒకటుంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళు కూడా చేయగలిగేది. దాన్ని పొద్దుటి ట్రైనర్ హింజ్ అంటాడు. సాయంత్రం ట్రైనర్, అందరూ గడ్డం అని పిలిచే మనిషి, గుడ్‌మార్నింగ్ అంటాడు. మా ఆయన మాత్రం డెడ్‌లిఫ్ట్ అంటారు. మిగతా అందరికీ డెడ్‌లిఫ్ట్ అంటే నేల మీది ఇనప రాడ్డును పైకెత్తడం. ఎవరికి నేర్పినవాడు ఏమన్నాడో వాళ్ళకి అదే వేదం. పేరు మార్చుకుంటే పరువు పోయినట్టే. పైగా పేరు వేరైతే క్లయింటు ఇంకో ట్రైనర్ దగ్గరికి పోడట. నేను ఒక నోటుపుస్తకంలో గీతల మనుషులను గీసి, ఒక్కో బొమ్మ కింద నలుగురూ దాన్ని పిలిచే పేర్లు రాసి, అనుమానం ఉన్న చీటీలను పక్కనే అంటించాను. చూపిస్తే ఆయన నవ్వారు. "బొమ్మల పుస్తకమా? మా మాటలకి నువ్వు అర్థాలు చెప్తావా?" వారానికి మూడు రోజులు పొద్దున్నే అదే జిమ్‌లో నేను ఆడవాళ్ళ బ్యాచ్‌కి నేర్పిస్తాను. పదకొండు మంది. దాన్ని ఆయన 'సాయం' అంటారు. ఇరవై కిలోల నీళ్ళ క్యాను నేను మూడో అంతస్తుకి మోస్తే ఇంటిపని. అంత బరువే ఆయన ఎత్తి దించితే వ్యాయామం, పైగా మధ్యమధ్యలో అద్దంలో చూసుకోవడం ఒకటి.

టీచరమ్మ చీటీ వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఆవిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. డిస్క్ జారి ఏడాది మంచం మీద ఉండి లేచిన మనిషి. చీటీలో 'డెడ్‌లిఫ్ట్, పదేసి చొప్పున మూడుసార్లు' అని ఉంది. "ఇది కర్రతో చేసేదే కదండీ? పక్కన కర్ర అని రాయనా?" అని అడిగాను. ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "రాయమన్నది రాయి. తెలివి తర్వాత చూపిద్దువుగాని" అన్నారు. రాశాను. చీటీ మాత్రం పుస్తకంలో అంటించుకున్నాను.

మొన్న మంగళవారం ఆయనకి జ్వరం. నుదుటి మీద తడిగుడ్డలు వేస్తూ నేనూ ఇంట్లోనే ఉండిపోయాను. ఆయన క్లయింట్లను గడ్డం చూసుకున్నాడు. టీచరమ్మ కార్డు చదివి ఇనప రాడ్డు చూపించాడు. "నాకు కర్రతో కదా నాయనా చేయిస్తారు" అందట ఆవిడ. "కార్డులో ఇదే ఉంది మేడమ్" అన్నాడట. రాసి ఉన్నదాన్ని నమ్మడం ఆవిడకి జీవితమంతా అలవాటు. నాలుగోసారి ఎత్తుతూ నేల మీద కూలబడింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. ఎడమ కాలు కదలడం లేదు.

మర్నాటి సాయంత్రానికి ఆయన జ్వరం తగ్గింది. మంచం మీద లేచి కూర్చుని, "రాత నీదేగా. పొరపాటున అలా రాశానని సంతకం పెట్టేయ్. ఓనర్‌తో మాట్లాడాను" అన్నారు.

"నేను అడిగాను కదండీ మిమ్మల్ని..."

"అడిగావులే. అయినా నీకేం పోతుంది? పోవడానికి నీకక్కడ ఉద్యోగం ఉందా?"

అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి అందుకుంది. "వాడి పని పోతే అందరం రోడ్డున పడతాం. నువ్వు కాస్త తలొంచితే అరిగిపోతావా?"

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళలో ఒక్క కార్డు మీద కూడా లేని నా పేరు ఇప్పుడు ఈ ఒక్క కార్డుకి మాత్రం కావాలి. కానీ దానికంటే లోతుగా ఇంకోటి కోస్తోంది. అడిగి, కసిరితే ఊరుకున్నాను. కర్ర అని రెండక్షరాలు, ఆయన్ని అడక్కుండా ఆ పక్కన రాసి ఉంటే ఈ పాటికి టీచరమ్మ తన కాళ్ళ మీద నడుస్తూ ఉండేది. ఆయన చెప్పమన్న పొరపాటు నాది కాదు. ఇది నాది. తెల్లవార్లూ ఆ రెండక్షరాలే కళ్ళముందు ఆడాయి. పొద్దున రోజూకంటే రెండు గంటల ముందే ఇంట్లోంచి బయల్దేరాను.

నేను జిమ్‌కి వచ్చేసరికి ఓనర్ గదిలో కాగితం టైపు చేసి సిద్ధంగా ఉంది. నా సంతకం ఒక్కటే తక్కువ. మా ఆయనా, గడ్డమూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. "పెట్టేయమ్మా" అన్నాడు ఓనర్. "నీ బ్యాచ్ కూడా కొన్నాళ్ళు ఆపుదాం, జనం మర్చిపోయేదాకా." అద్దాల తలుపు అవతల నా పదకొండు మందీ చాపలు పరుచుకుంటున్నారు. కలం తీసుకోలేదు. మూలనున్న కర్ర తీసుకుని, వీపుకి ఆనించి, వంగి లేచాను.

"దీన్ని ఏమంటారు?"

"గుడ్‌మార్నింగ్" అన్నాడు గడ్డం ఆలోచించకుండానే.

"మీరండీ?" అని ఆయన వైపు తిరిగాను.

ఆయన గొంతు సవరించుకున్నారు. "హింజ్. అందరూ అనేదేగా."

పదేళ్ళ కాపురంలో ఆయన తన మాట మార్చుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. "మీరు దీన్ని డెడ్‌లిఫ్ట్ అంటారు. మీ చేత్తో రాసిన టీచరమ్మ చీటీ నా పుస్తకంలో అంటించి ఉంది" అన్నాను. ఓనర్ కాగితం మీంచి తలెత్తి ఆయన్ని చూశాడు. ఆయన ముఖంలో రంగు మారింది. నా దగ్గరికి వచ్చి, నాతో ఎన్నడూ మాట్లాడనంత మెత్తగా, "ఆ పుస్తకం ఇంట్లోనే ఉందిగా? పద, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నారు.

"ఇంట్లో లేదండీ. పొద్దున ఆస్పత్రికి వెళ్ళి, కార్డు రాసింది నేనేనని టీచరమ్మకి చెప్పి, పుస్తకం ఆవిడ చేతికిచ్చి వచ్చాను."