వెయ్యేళ్ళ ఒడ్డు

తెల్లారితే మా అప్ప జగ్గమ్మకి బాప్తీస్మం. ముందురోజు సాయంత్రం ప్రార్థన మందిరంలో కూటం పెట్టారు. నేను ఆ మతంలో కలవలేదు. అప్ప రమ్మంది కాబట్టి వెళ్ళి గుమ్మం పక్కన కూర్చున్నాను. అమ్మ పోయాక నన్ను సాకి పెద్దచేసిన అక్క ఆవిడ. రమ్మంటే వెళ్ళడమే.

మందిరానికీ సముద్రానికీ మధ్య సరుగుడు తోట ఉంది. మా బావ కూర్మయ్య సమాధి అందులోనే. బావ బాప్తీస్మం తీసుకున్నాడు, జ్వరంతో పోయాడు. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు గోవిందు మాత్రం ఏ తోటలోనూ లేడు. నాలుగేళ్ళ కిందట తుఫాను గాలికి పడవ తిరగబడింది. పడవ దొరికింది. వాడు దొరకలేదు. బాప్తీస్మం మాట ఎత్తితే, "ఈ సీజను దాటనీయే అమ్మా" అనేవాడు.

పడవలు వచ్చే వేళకి మా ఆడవాళ్ళు గంపలో పొడి తువ్వాలు పెట్టుకుని ఒడ్డుకి వెళ్తారు. తడిసి దిగినవాడు ముందు ఒళ్ళు తుడుచుకోవాలి కదా. మా అప్ప ఇప్పటికీ వెళ్తుంది. ఆమె గంపలో తువ్వాలు మడత విప్పకుండా అలాగే ఉంది.

కూటంలో ఇద్దరు మాట్లాడారు. ఒకాయన రమేష్‌బాబు పాస్టరు. చీపురుపల్లి నుంచి మోటారుసైకిలు మీద వస్తాడు. కుర్రాడు, గొంతు పెద్దది. రెండో ఆయన నరసింగరావు మాష్టారు, సంఘానికి పెద్ద. పొందూరు ఖద్దరు తప్ప కట్టడు.

ప్రభువు మళ్ళీ వస్తాడన్నాడు పాస్టరు. ఆయన్ని నమ్మి చనిపోయినవాళ్ళు ముందు లేస్తారు, ఆయనతో కలిసి ఈ భూమి మీదే వెయ్యేళ్ళు రాజ్యం ఏలతారు. మిగతావాళ్ళు ఆ వెయ్యేళ్ళూ గడిచేదాకా లేవరు. గడిచాక సముద్రం తనలో ఉన్నవాళ్ళని అప్పగిస్తుంది. ఆపైన ఇక సముద్రమే ఉండదు.

"సముద్రం నేకపోతే మనమేటి తింతాం బాబూ?" అంది ఎండుచేపలమ్మే గురమ్మ. "పోనీ, ఆ ఎయ్యేల్లూ సేపలేట నిషేదం ఉంటాదా, ఉండదా? అదైనా సెప్పు."

అందరూ నవ్వారు. పాస్టరూ నవ్వాడు. మాష్టారు మాత్రం నవ్వకుండా లేచాడు.

"వెయ్యి అంటే లెక్క కాదయ్యా, పోలిక. ఆయన ఏలుబడి ఎప్పుడో మొదలైంది. ఆయన వచ్చిన రోజునే అందరూ లేస్తారు. ముందూ లేదు, వెనకా లేదు."

"రాసింది రాసినట్టు చదవాలి మాష్టారూ. బైబిల్లో ఆ ఒక్క అధ్యాయంలోనే ఆరుసార్లు ఉంది వెయ్యి అని."

"అరవైసార్లున్నా పోలిక పోలికే."

ఇద్దరూ తగ్గలేదు. మైకు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుంటున్నారు. అప్పుడు మా అప్ప లేచి నిలబడింది.

"సముద్రంలో ఉన్నోలు ఎయ్యేల్లు అయినాకే లేస్తారా బాబూ?"

"నమ్మినవాళ్ళయితే ఎక్కడున్నా ముందే లేస్తారమ్మా. మిగతావాళ్ళు..." అంటూ ఆగిపోయాడు పాస్టరు. గోవిందు సంగతి గుర్తొచ్చినట్టుంది.

"ఆడు నమ్మాడో నేదో నాకెలగ తెలుస్తాది? బాప్తీస్మం నేదు." మాష్టారి వైపు తిరిగింది. "అందరూ ఒక్కరోజే లేస్తారని నువ్వు కల్లారా సూసినావేటి మాష్టారూ?"

"నేను నమ్మేది అదమ్మా" అన్నాడు ఆయన. గొంతు తగ్గింది.

అప్ప కూర్చుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు తోట దగ్గర ఆగి బావ సమాధి వైపు చూసింది. తరవాత సముద్రం వైపు చూసింది.

తెల్లారేసరికి సంఘమంతా ఒడ్డున ఉంది. అలలు గట్టిగా ఉన్నాయి, రెండో పక్క పట్టుకోమని పాస్టరు నన్ను నీళ్ళలోకి పిలిచాడు. అప్ప తెల్లచీరలో నడుం లోతు నీళ్ళలో మా ఇద్దరి మధ్య నిలబడింది. ఎదురుగా సూర్యుడు నీళ్ళు విడిచి పైకి లేస్తున్నాడు. పాస్టరు చెయ్యి ఎత్తాడు.

"ఆగు బాబూ. నన్నిప్పుడు ముంచితే నాను ముందు లేస్తాను గదా?"

"అవునమ్మా. కూర్మయ్యగారితోపాటే."

"ఆడు?"

పాస్టరు నీళ్ళకేసి చూశాడు.

"అయితే నన్ను ముంచకు. నాను ఆడితోటే లేస్తాను."

ఒడ్డు మీంచి గురమ్మ కేకేసింది. "ఒసే జగ్గా! మరి నీ మొగుడో? ఎయ్యేల్లూ సింవాసనం మీద ఒక్కడే కూకుంటాడేటే?"

"కూకోనీ! బతికున్నప్పుడు నా మాట యిన్నాడేటి, ఇప్పుడు బెంగెట్టుకోడానికి?"

ఎగతాళిగానే అంది. కానీ వెనక్కి తిరిగి సరుగుడు తోట వైపు చూసింది. ఇటు పెనిమిటి, అటు కొడుకు. మునిగితే ఒకరు, మునక్కపోతే ఒకరు.

మాష్టారు ఖద్దరు పంచె తడుపుకుంటూ నీళ్ళలోకి దిగాడు. "అమ్మా, నా మాట విను. అందరూ ఒకే రోజు..."

"మాష్టారూ, నిన్న సందేల తెగని తగువు ఇప్పుడు తెగుతాదా?"

"అప్పా, అలొస్తంది" అన్నాను. ఆ ఉదయం నేనన్న మాట అదొక్కటే.

పెద్ద అల. నలుగురం ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డాం. అల మా మీంచి దాటి ఒడ్డున విరిగింది. అప్ప కళ్ళలో నీళ్ళు తుడుచుకుని, ఆ అల వచ్చిన వైపు చాలాసేపు చూసింది.

"బాబూ, ఆ ఎయ్యేల్లూ సముద్రం ఉంటాదా?"

"ఉంటుందమ్మా. అది పోయేది ఆ తరవాతే."

"ఒడ్డు?"

"సముద్రం ఉంటే ఒడ్డూ ఉంటుంది."

"అయితే నన్ను సింవాసనం మీద కూకోబెట్టొద్దని సెప్పు మీ పెబువుతోటి. ఏలడం నాకేటి వస్తాది? ఆడొచ్చీదాకా ఒడ్డున కూకుంటాను. నాకలవాటే. సెలవిస్తాడా?"

పాస్టరు మాష్టారి ముఖం చూశాడు. మాష్టారి గడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"ప్రభువు సమాధిలోంచి లేచాక ఒక తెల్లవారుజామున ఒడ్డునే ఉన్నాడమ్మా" అన్నాడు మాష్టారు. "రాత్రంతా వేటాడి వచ్చినవాళ్ళకి నిప్పు రాజేసి చేపలు కాల్చి పెట్టాడు. నువ్వు అక్కడ ఒక్కదానివే ఉండవు."

"ఇస్తాడమ్మా సెలవు" అన్నాడు పాస్టరు.

"ఇస్తాడు" అన్నాడు మాష్టారు.

"అయితే ముంచు."

మునిగింది. తెల్లచీర నీళ్ళలో ఒకసారి విచ్చుకుంది. నేను చదివింది మూడో తరగతి. వెయ్యి పలక మీద రాయడం వచ్చు గానీ, వెయ్యేళ్ళంటే ఎంతో ఎన్నడూ ఊహకి అందలేదు. అప్పుడు అందింది. ఎన్నెన్ని తెల్లవారుజాములు! ప్రతి ఒక్కటికీ మా అప్ప గంప పట్టుకుని ఇసక మీద ఉంటుంది. ఆ ఇసక మీదే ఎవరో నిప్పు రాజేస్తుంటాడు. పుట్టినప్పటినుంచీ చూసిన సముద్రమే అయినా, ఆ క్షణం దాని ముందు నిలబడడానికి భయం వేసింది. మొక్కాలనిపించింది.

ఆమె లేచింది. ఊపిరి తీసుకోకముందే నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, వచ్చే పడవల కోసం చూసినట్టు దూరంగా చూసింది.

ఒడ్డుకి నడిపించాను. గురమ్మ అప్ప గంపలోంచి తువ్వాలు తీసి ఆమె భుజాల మీద వెయ్యబోయింది.

"ఓలమ్మ, అది కాదే. అది ఆడిది" అంది అప్ప.

తడి తగలకుండా రెండు వేళ్ళతో అందుకుని, తువ్వాలు మళ్ళీ గంపలో పెట్టింది. తడిచీరతోనే గంప పక్కన ఇసకలో కూర్చుంది. పాస్టరూ, మాష్టారూ నీళ్ళు కారుతూ వచ్చి ఆమెకి చెరోవైపూ కూర్చున్నారు. అందరం సముద్రం వైపే చూస్తున్నాం.