ఈరక్క చదివిన తుప్పు

ఆడమనిషి సుత్తి పట్టడమేమిటని మూతి విరిచిన పెనుకొండ వాళ్ళందరూ, ఇంట్లో కొడవలి మొద్దుబారితే మాత్రం ఈరక్క కొలిమికే వచ్చేవారు. లోకం తీరే అంత. మొగుడు బతికున్నప్పుడు తిత్తి ఊదింది, అతను పోయాక ఇనుము పెట్టి కొట్టే దాగలి ముందు కూర్చుంది. ఆరేళ్ళుగా ఆ కొలిమి చల్లారలేదు. బరువైన సమ్మెట దెబ్బలకు మరిది కుళ్ళాయప్ప ఉన్నాడు. చేతిలో బలం, నోట్లో దురుసు, బుర్రలో తొందర మూడూ దండిగా ఉన్నవాడు. వదిన పక్కకు తప్పుకుంటే కొలిమి తనదవుతుందన్న ఆశ కూడా లేకపోలేదు.

నలభై ఆరో సంవత్సరం దసరా రోజుల్లో ఆ కొలిమి ముందు ఒక ఎద్దులబండి ఆగింది. అందులో గోనెపట్టాలో చుట్టిన జపాను కత్తులు పదకొండు ఉన్నాయి. బర్మా యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలు వెంట తెచ్చుకున్నవి. లైసెన్సు లేని కత్తులు ఇళ్ళలో ఉండకూడదని మిలిటరీ కెప్టెను ఒకాయన వాటిని పోగుచేయించాడు. అన్నీ యుద్ధం కోసం ఫ్యాక్టరీలో చేసినవేననీ, విరగ్గొట్టి ఉంచితే మహర్నవమి మర్నాడు తాను వచ్చి చూసుకుంటాననీ కబురు.

బండి వెనకాలే ఒక మనిషి కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. పేరు కదిరప్ప, ధర్మవరంలో మగ్గాల ఇంటివాడు. పటాలంలో చేరి రోగులకు సేవచేసే పని చేశాడు.

"అక్కా, అండ్ల ఒకటి నాది. దోచుకొచ్చింది కాదు. ఖైదీల ఆసుపత్రిలో ఒక ముసలి జపాను ఆఫీసరుకు నలభై దినాలు నేనే నీళ్ళు తాపించినా. పోయేటప్పుడు మా డాక్టరు దొరను అడిగి, ఆ కత్తి నా చేతిలో పెట్టించినాడు. తాతల కాలందంట. ఇరగనీయనని మాటిచ్చినానక్కా."

"ఆ ముసలాయప్ప చెప్తే సరిపోదప్పా, ఇనుము చెప్పాల," అంది ఈరక్క. మాట కటువుగానే అంది గానీ, అతన్ని పొమ్మనలేదు. అరుగు మీద కూర్చోమని చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

పని మొదలైంది. మొదటి కత్తిని దాగలి మీద అడ్డంగా పెట్టి, ఆమె పట్టుకారుతో పట్టింది. కుళ్ళాయప్ప సమ్మెట ఎత్తాడు. రెండు దెబ్బలకే తెగింది. విరిగిన చోట ఆమె కన్ను పెట్టి చూసింది. అంచు నుంచి వీపుదాకా ఒకే రకం గరుకు. మిషను లాగిన ఒంటి ముక్క. రెండోది, మూడోది, నాలుగోది కూడా అంతే.

అయిదోది చేతిలోకి తీసుకున్నప్పుడు ఈరక్క ఆగింది. పైకి అదీ మిగతా వాటి లాంటిదే. అదే ఖాకీ ఒర, అదే ఇత్తడి సామాను. కానీ బరువు ముందుకు లాగడం లేదు, అరచేతిలోకి వచ్చి కూర్చుంటోంది. గోటితో మీటితే గంటలా చాలాసేపు మోగింది.

"అదే అక్కా నాది!" అని కదిరప్ప లేచి నిలబడ్డాడు.

"ఏమి వదినా, చెయ్యి ఎత్తి ఉండాను. కొట్టేదా లేదా?" అన్నాడు కుళ్ళాయప్ప.

"దించు. పొద్దు గూకింది. రేపు ఆయుధ పూజ, ఎవరూ సుత్తి ఎత్తరాదు."

మర్నాడు ఆమె స్నానానికి బావి దగ్గరకు వెళ్ళింది. అంతలో కుళ్ళాయప్పకు భక్తి పొంగుకొచ్చింది. పండగనాడు కొలిమిలోని ప్రతి పనిముట్టునూ చింతపండూ ఇటుకపొడీ వేసి తోమడం, పసుపు కుంకుమ పెట్టడం, నిమ్మకాయ కోయడం వాళ్ళ ఆచారం. జపాను కత్తి మాత్రం ఆయుధం కాదా అనుకున్నాడు. పిడిని పట్టి ఉంచే వెదురు చీల ఊడదీసి పిడి లాగేశాడు. మిగిలిన ఒట్టి అలుగుతో నాలుగు నిమ్మకాయలు కోశాడు. పిడిలో దాగి ఉండే తోక నల్లగా తుప్పుపట్టి కనిపించేసరికి, అమ్మవారి ముందు ఇంత మురికా అని చింతపండు పట్టించి తోమడం మొదలుపెట్టాడు.

ఈరక్క తడిబట్టలతో వచ్చి చూసి, "ఒరే! ఎత్తరా చెయ్యి!" అని కేక పెట్టింది. ఆమె మరిదిని ఒరే అనడం అదే మొదలు. అప్పటికే తోక మీద రెండు వేళ్ళ మేర తెల్లగా మెరుస్తోంది.

"తుప్పు వదిలిస్తే తప్పేంది వదినా?"

"ఇంటిపత్రం పాతబడిందని సాకలికేస్తామా? ఆ తుప్పే దీని వయసుకు సాక్షి!"

కదిరప్ప గోడకు ముఖం తిప్పుకుని ఏడ్చాడు. ఈరక్కకూ ఏడుపు వచ్చింది గానీ, ఏడిస్తే పులుపు ఇనుమును తినడం మానదు కదా. గబగబా నీళ్ళతో కడిగి, పొడిబట్టతో తడి లేకుండా తుడిచి, పలచగా నూనె రాసి, కత్తిని ఎండవైపు తిప్పింది.

తిప్పి, అలాగే నిలబడిపోయింది. నిమ్మరసం తగిలిన చోట, మసకలో ఇన్నాళ్ళూ దాగిన పనితనం పైకి తేలింది. అంచు పొడవునా తెల్లటి మబ్బు అలలు అలలుగా సాగింది. దాని పైన, వేపచెక్క కోస్తే కనిపించే గీతల్లాంటి సన్నటి పొరలు. ఆమె తండ్రి గొడ్డళ్ళ వీపుకు బురద పూసి, అంచు మాత్రం వదిలి, ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచేవాడు. అంచు గట్టిపడేది, వీపు మెత్తగా ఉండి దెబ్బ ఓర్చుకునేది. సముద్రాల అవతల ఎవరో కమ్మరి అదే పని దేవుడికి చేసినంత ఓపికతో చేశాడు. ఇనుమును ఎన్నిసార్లు మడిచి కొట్టాడో లెక్కలేదు. ఈరక్క గుండె నిండిపోయింది.

"దీన్ని ఇరగ్గొట్టే చేతులు నావి కావు," అంది.

ఆమెకు తెలిస్తే చాలదు, కెప్టెనుకు తెలియాలి. అతను పండగ మర్నాడు ఉదయమే జీపులో దిగాడు. గోదావరి జిల్లా మనిషి, చదువుకున్నవాడు. చదివింది మరిచిపోనివాడు కూడానేమో, నేరుగా తోక చూశాడు.

"ఇదేమిటమ్మా, మెరుస్తోంది? పాత కత్తికి తోక మీద నల్లటి తుప్పుండాలి. మీరు తోమేశారో, ఇది కొత్తదో నాకెలా తెలుస్తుంది? సాక్ష్యం లేదు. విరగ్గొట్టండి."

కుళ్ళాయప్ప తల నేలలోకి దిగిపోయింది.

"సాక్షి పూర్తిగా చావలేదు సారూ. చీల దూరే ఈ రంధ్రంలోకి చింతపండు పోలేదు. వేలు పెట్టి చూడండి, నున్నగా నల్లగా ఉండాది. ఈడ ఇంకో రంధ్రం సగానికి తెగింది. పొడుగు కత్తిని ఎప్పుడో ఎవరో కురచ చేసుకున్నారు. ఫ్యాక్టరీలో ఆ అవసరం ఏముండాది?"

కెప్టెను వేలు పెట్టి చూశాడు. మెత్తబడ్డాడు గానీ, గుంపు ముందు ఒక కమ్మరి ఆడమనిషికి తలూపడం చిన్నతనమనిపించినట్టుంది. జీపులోంచి రెండు కత్తులు తెప్పించి, పిడులు తీయించి, అలుగులకు తువ్వాళ్ళు చుట్టించాడు. తోకలు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

"వీటిలో ఒకటి నాలుగు వందల ఏళ్ళది, ఒకటి ఫ్యాక్టరీది. ఏది పాతదో చెప్పు. తప్పు చెప్పావో, నువ్వు పాతదంటున్న ఆ కత్తిని నువ్వే విరగ్గొట్టాలి."

కదిరప్ప రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. వీధిలో జనం చేరారు. ఈరక్క మొదటి తోకను ఒక్కసారి చూసి పక్కన పెట్టింది. ఎర్రటి పచ్చి తుప్పు, అది నిన్న మొన్నటిది. రెండోది చూడటానికి నల్లగా, గంభీరంగా ఉంది. కెప్టెను పెదవి మీద చిన్న నవ్వు కదిలింది. ఆమె రంధ్రంలో వేలు పెట్టింది. కొత్తగా రాసిన ఆకురాయి గీతలు ఇంకా గోటికి గుచ్చుకుంటున్నాయి. బొటనవేలు తడిచేసి తుప్పు మీద రుద్ది, నాలుక కొసకు తగిలించుకుంది.

"రెండూ కొత్తవే సారూ."

"మతుండే మాట్లాడుతున్నావా? అది నా సొంత కత్తి! కలకత్తాలో కొన్న..."

"ఉప్పగా ఉండాది సారూ. ఉప్పు పట్టించి పెంటదిబ్బలో పూడ్చిన తుప్పు. కోట చూసేదానికొచ్చే దొరలకు రాయల కాలం బల్లెమని అమ్మేదానికి, మా ఇంటాయన ఈ కొలిమిలోనే చేసేవాడు. పాపం పుణ్యం దేవుడికి తెలుసు, పూడ్చింది మాత్రం నేనే. నేను పండించిన పంట నాకు తెలియదా?"

వీధి వీధంతా గొల్లుమంది. కెప్టెను ముఖం కందగడ్డ అయింది. విసురుగా తువ్వాలు లాగి, తన కత్తినీ కదిరప్ప కత్తినీ పక్కపక్కన ఎండలో పట్టుకున్నాడు. ఒకదాని అంచున మబ్బు కదులుతున్నట్టే ఉంది. రెండోదాని మీద సున్నంతో గీసినట్టు గీత, అంతే. చాలాసేపు చూశాడు. కళ్ళున్న మనిషి, చూశాక కాదనలేకపోయాడు. దాగలి పక్కన రాతి మీద కూలబడి, కాసేపటికి తనే నవ్వడం మొదలుపెట్టాడు.

"నా కత్తిని కూడా ఆ గుట్టలో వేసేయండి," అన్నాడు.

అక్కడే కూర్చుని కదిరప్పకు అనుమతి కాగితం రాసిచ్చాడు. ఈరక్క కత్తికి పిడి తొడిగి చేతికిస్తూ గట్టిగా చెప్పింది: "అలుగు మీద వేలు పెట్టొద్దు, చెమట తింటాది. ముతక గుడ్డ వద్దు, మీ ఇంట్లో పాత పట్టుగుడ్డతో తుడిచి మూణ్ణెల్లకోతూరి నూనె రాయి. తోక జోలికి మాత్రం పోవద్దప్పా." కదిరప్ప వంగి ఆమె కాళ్ళు తాకబోతే, కత్తి కింద పెట్టకుండా వంగుతావా అని కసిరింది.

మిగిలిన ఆరింటినీ ఆమె ఒక్కొక్కటే విప్పి చూసింది. అన్నీ ఫ్యాక్టరీవే. అవి విరిగాక కెప్టెను జీపు దగ్గర కాస్త తచ్చాడి, వెనక్కి వచ్చాడు.

"ఈరక్కగారూ, హిందూపురంలో ఇంకా ముప్పై కత్తులు పడి ఉన్నాయి. రేపు విరగ్గొట్టమని చెప్పి వచ్చాను. మీరొచ్చి చూస్తారా?"

గారూ అన్న మాటకు ఆమె ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినైనా అన్నాడేమోనని. తర్వాత కొంగు దోపుకుని బయలుదేరింది. కుళ్ళాయప్ప పరుగెత్తి లోపలికి వెళ్ళి, ఆమె సుత్తీ నూనెబుడ్డీ సంచిలో వేసుకొచ్చి, దారికడ్డంగా నిలబడ్డ జనాన్ని మోచేతులతో తోశాడు.

"జరగండప్పా, జరగండి! మా వదిన హిందూపురం పోతాండాది. ఆయమ్మ చూసి చెప్పేదాకా ఈ జిల్లాలో ఒక్క కత్తీ ఇరగదు!"

ఈరక్క జీపు ఎక్కి ముందు సీట్లో కూర్చుంది.