ఆగిపోయిన సీరియల్ని తిరుపాలు నడిపిన వైనం

తిరుపాలుకు ఆ సీరియల్ మొదట్లో అస్సలు నచ్చేది కాదు. పిచ్చంతా వాళ్ళావిడ పోలేరమ్మది. ఉదయగిరి కొండ కింద వాళ్ళ ఊళ్ళో సాయంత్రం ఆరయ్యేసరికి, పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా సరే, ఆవిడ టీవీ ముందు చతికిలబడేది. కథేమిటంటే, విక్రాంత్ అనేవాడు రాకెట్టులో పోయి ఏదో గ్రహం మీద కూలబడ్డాడు. వెంట పోయినవాళ్ళంతా పోయారు, వాడొక్కడే మిగిలాడు. చుట్టూ ఎర్రమట్టి, రాళ్ళు. రోజూ లేవగానే రేడియో ముందు కూర్చుని "నేను బాగున్నాను, మీరెలా ఉన్నారు?" అని భూమిని అడుగుతాడు. అటునుంచి ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు. వాడు నవ్వుకుంటూ లేచి పనిలో పడతాడు. మర్నాడు మళ్ళీ అడుగుతాడు.

"ఎర్రమట్టి చూడాలంటే మన చేను లేదా? దానికి ఆకాశానికి పోవాల్నా? పలకనోళ్ళని పట్టుకుని పిలిచేదేంది, సిగ్గు లేకుండా!" అని తిరుపాలు దెప్పేవాడు.

"పలికేదాకా పిలుస్తాడు. నీ మాదిరి రెండుసార్లు పిలిచి అలిగి పండుకుంటాడా?" అనేది పోలేరమ్మ. అమ్మో, నోరంటే ఆవిడదే నోరు. ఊరంతా జడిసేది.

ఆ నోరే పడిపోయింది. వానాకాలంలో ఒక పొద్దున పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, మాటా రెండూ పోయాయి. చెయ్యి అంతో ఇంతో కదులుతోంది గానీ మాట మాత్రం రాలేదు. "రావచ్చు, రాకపోవచ్చు. మీరు మాత్రం ఆమెతో మాట్లాడటం మానొద్దు" అన్నాడు నెల్లూరు డాక్టరు. పిల్లాజెల్లా లేని ఇల్లు. తిరుపాలు అక్క పెంచలమ్మ వచ్చి ఆవిడను చూసుకుంటోంది.

ఎండలు ముదిరాయి. కొండ కింద గడ్డిపరక లేదు. ఏటా లాగే గొర్రెల మందను తోలుకుని ఆత్మకూరు వైపు దిగక తప్పలేదు తిరుపాలుకు. కోతలైన మళ్ళలో పగలు మేపడం, రాత్రి ఆ మడిలోనే మంద కట్టడం. గొర్రెలకు మేత, రైతుకు ఎరువు. ఈసారి రాజమోహన్ గారనే రైతు మళ్ళలో దిగాడు. ఎప్పుడూ పోలేరమ్మ వెంట ఉండేది, ఇప్పుడు ఒక్కడే. ఎంతసేపని గొర్రెల్ని తిడుతూ కూర్చుంటాడు? సంగటి ముద్ద మింగుడు పడేది కాదు. ఒక్క మాట, పాడు మాటైనా సరే, ఆవిడ నోట వింటే చాలుననిపించేది.

రోడ్డు పక్కన యేసుబాబు టీ కొట్టులో టీవీ ఉంది. ఒక సాయంత్రం టీకి పోతే దాంట్లో విక్రాంత్ కనిపించాడు. ఊళ్ళో వాళ్ళ టీవీ పిడుగుకు కాలిపోయి ఉంది. పాపం, పోలేరమ్మకు కథ ఎందాకా వచ్చిందో తెలియదు గదా అనుకున్నాడు. మంద దగ్గరకు రాగానే అక్కకు ఫోన్ చేసి, ఆమె చెవి దగ్గర పెట్టమన్నాడు.

"ఏమే, మీవోడికి ఈ పొద్దు నీళ్ళు దొరికినాయి. రాయి పగలగొడితే వచ్చినాయంట. నేనైతే నమ్మను."

అటునుంచి ఊపిరి తప్ప ఏమీ లేదు.

"ఇనిందా అక్కా?"

"ఇంటానే ఉండాది అబ్బయా. పలకలా."

ఆ రోజు మొదలు తప్పకుండా చెప్పాడు. పలకని మనిషితో మాట్లాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసొచ్చింది. ఇంక రేపటినుంచి ఫోన్ చెయ్యకూడదనుకునేవాడు. మర్నాడు టీ కొట్టులో విక్రాంత్ ఎప్పటిలాగే రేడియో ముందు కూర్చుని నవ్వేవాడు. వీడికున్న గుండె నాకు లేకపాయెనే అని సిగ్గుపడి మళ్ళీ ఫోన్ తీసేవాడు.

ఒక సాయంత్రం ఆరింటికి టీవీలో ఎవరో వంకాయ కూర వండుతున్నారు.

"మనోడేడీ?" అన్నాడు తిరుపాలు.

"ఆ సీరియల్ ఎవురూ చూడ్డం లేదంట, ఆపేసినారు" అన్నాడు యేసుబాబు.

"ఆపేసేదేందిరా? వాడు ఆడనే ఉండాడు గదా! వాడి గతేంది?"

కొట్టులో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. తిరుపాలుకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. టీ సగంలో వదిలేసి మడిలోకి వచ్చి కూర్చున్నాడు. పోలేరమ్మకు ఏం చెప్పాలి? కాసేపటికి ఫోన్ తీశాడు.

"ఏమే, ఇది ఇను. మీవోడికి గుహలో గొర్రెలు దొరికినాయి!"

ఇంక చూడండి, విక్రాంత్ ఆ గ్రహం మీద మంద పెంచాడు. గిట్టలు పుండ్లు పడితే వేపనూనె రాశాడు, ఈనలేని గొర్రెకు తానే పురుడు పోశాడు. ఎన్ని పనులున్నా రేడియో ముందు కూర్చోవడం మాత్రం తిరుపాలు మాన్పించలేదు. గాలే లేని చోట గొర్రెలేంది సచ్చినోడా అని అడిగే నోరు అటుపక్క ఉంటే ఎంత బాగుండు! ఆ నోరే లేదు.

ఒకరోజు పొద్దు గుంకే వేళ ఫోన్ స్పీకర్లో పెట్టి అలాగే చెబుతున్నాడు. రోడ్డు మీద లారీ ఒకటి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది. మంద బెదిరి, ఒక్కుమ్మడిగా రోడ్డు వైపు లేచింది.

"సచ్చినాం మే! గొర్రెలు!" అని అరుస్తూ ఫోన్ పిడికిట్లో పట్టుకునే అడ్డం పరిగెత్తాడు. మందకు ముందు నడిచే పెంటి మేకను చెయ్యి చాచి అందుకోబోతుండగా, పిడికిట్లోంచి వినిపించింది.

"ట్ర్ర్ర్... దా! దా! దా!"

గొంతు బొంగురుపోయింది, నాలుక మడతపడుతోంది. అయినా ఆవిడదే. పొద్దుగూకితే మందను మళ్ళించేటప్పుడు ఎప్పుడూ పెట్టే కేకే. మేక టక్కున ఆగింది. చెవులు రిక్కించి, తిరుపాలు చేతివైపు చూసి వెనక్కి మళ్ళింది. మేక మళ్ళితే గొర్రెలు మళ్ళవా?

తిరుపాలు మడి గట్టు మీద కూలబడ్డాడు. ఫోన్లో పెంచలమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"ఏమే, ఇంకొక్కసారి. నా పేరు చెప్పు. తిరుపాలూ అను."

ఊపిరి తప్ప ఏమీ లేదు.

"పోనీ తిట్టన్నా తిట్టు మే!"

లేదు. చివరికి కళ్ళు తుడుచుకుని, "అన్నీ వచ్చినాయిలే. ఒక్కటి కూడా పోలా" అని చెప్పాడు.

తెల్లారి మందను ఉదయగిరి దారి పట్టించాడు. రాజమోహన్ గారు బండి మీద వచ్చి అడ్డం పెట్టారు.

"ఏంది తిరుపాలూ, ఇంకా నాలుగు మళ్ళు ఉండాయి గదా! ఆడ ఏముండాదని తోలుకపోతా ఉండావు? మాడి చస్తాయి."

"తుమ్మకాయలు రాల్చి పెడతాలే అయ్యా. ఆకు కొట్టి ఏస్తా."

"అసలేమొచ్చింది నీకు?"

"మా ఆడమనిషి మాట్లాడిందయ్యా."

"అట్నా! మంచిమాట చెప్పినావు. నీతోనేనా?"

తిరుపాలు తల అడ్డంగా ఊపాడు.

"నాతో కాదయ్యా, వీటితో. అందుకే తోలుకపోతా ఉండా."