కురచతలుపు

పెద్దమేస్త్రీ గొంతెత్తితే చిత్రిక పట్టకుండానే చెక్క నున్నబడుతుందని ఆ వడ్రంగి షెడ్డులో చెప్పుకునేవారు. అందులో సగం అబద్ధం. మిగతా సగం ఆయనే పుట్టించాడు. రంపం మిషను ఎంత హోరెత్తినా ఆయన మాట ఈ గోడకి తగిలి ఆ గోడకి తగిలి మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేది. అంత గొంతున్నవాడికి కొలతలు రాసివ్వడం నామోషీ కాదూ? అందుకే అరిచి చెప్పేవాడు.

ఆదివారం పూట ఆయన సంఘపెద్ద కూడా. మైకు లేకుండా ప్రార్థన చేస్తే, చెవులు వినపడని ముసలమ్మలు సైతం సరైనచోట 'ఆమేన్' అనేవారు.

ఆయనకి ఇంకో విద్య ఉంది, పేర్లు పెట్టడం. రంపపు పొట్టు పడనివాడు తుమ్ములబస్తా. నింపాదిగా పనిచేసేవాడు నత్త. ఆయన పెట్టిన పేరు ఊడబెరకడానికి ఏ పలుగూ చాలదు. తొమ్మిదేళ్ళ కిందట కొత్తగా చేరిన ఒకతను వారం తిరక్కుండానే తలుపుచెక్క బెత్తెడు తక్కువ కోశాడు. ఆ పూటే కురచతలుపు అయిపోయాడు. ఆ తర్వాత అతను బిగించిన తలుపు సందులో చీమ దూరాలన్నా ఊపిరి బిగబట్టాల్సిందే. అయినా కురచతలుపు కురచతలుపుగానే ఉండిపోయాడు.

ఒక సోమవారం అతను తన ఉలులూ సుత్తులూ పెట్టెలో సర్దుతూ కనిపించాడు.

"ఏరా కురచతలుపూ, పెట్టె సర్దుతున్నావ్, అత్తారింటికా?"

"మానేస్తున్నానండీ. చేతిలో ఉన్న కిటికీలు శనివారానికి ముగించి వెళ్ళిపోతాను."

"ఎవడేమన్నాడ్రా నిన్ను?"

"ఎవరూ ఏమీ అన్లేదండీ. పిలిచారంతే."

మధ్యాహ్నం భోజనం దగ్గర సంగతి తెలిసింది. పిల్లల సండే స్కూలు నడిపేది మేస్త్రీ భార్యే.

"నిన్న కొత్త పిల్లల పేర్లు రాసుకుంటూ 'మీ నాన్న పేరేంటమ్మా' అన్నాను," అందామె. "ఆరేళ్ళ పిల్ల. లేచి నిలబడి, కురచతలుపు అని గట్టిగా చెప్పింది. గదంతా గొల్లుమంది. నవ్వెందుకో కూడా తెలీదు దానికి. బెల్లు కొట్టేదాకా బెంచీ కింద నుంచి రాలేదు."

"పిల్లలన్నాక నవ్వుతారే. దానికి పని మానేస్తారా?"

"పిల్లలు మొన్న పుట్టారు. ఆ పేరు పుట్టి తొమ్మిదేళ్ళయింది. ఇంతకీ అతని అసలు పేరు చెప్పండి, రాసుకుంటాను."

పెద్దమేస్త్రీ నోరు తెరిచాడు. వీధి చివరికి వినిపించే ఆ నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"మంచి కాపరి గొర్రెల్ని పేరుపెట్టి పిలుస్తాడని పోయిన నెల మీరేగా అంతలా అరిచారు!" అని ఆమె గిన్నెలు తీసేసింది.

ఆయన చెయ్యి కంచంలోనే ఎండిపోయింది. అసలు ముల్లు పేరు కాదు. ఆ తలుపు కోసిన రోజు సాయంత్రం ఇంటివాళ్ళు రాసిచ్చిన కొలత చీటీ ఆయన జేబులోనే దొరికింది. చీటీలో ఉన్నది ఒకటి, ఆయన అరిచింది ఇంకొకటి. విన్నది విన్నట్టే కోశాడు పాపం. కానీ అప్పటికే షెడ్డంతా నవ్వేసింది. అందరూ నవ్వాక నిజం చెప్తే పెద్దరికం మీద పొట్టు పడదూ? చీటీ చించేశాడు.

మర్నాడు పొద్దున్నే అతని బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఏమయ్యా, నీ పేరేంటి?"

"తొమ్మిదేళ్ళకి అడిగారు," అని అతను పేరు చెప్పాడు.

"ఆవేళ తప్పు కొలత చెప్పింది నేనే."

"తెలుసండీ."

"తెలుసా! మరి నోరు విప్పలేదే?"

"మీ గొంతు ముందు నా గొంతెంతండీ?" అతను కిటికీ కమ్మీ మీది పొట్టు ఊదాడు. "నాకు చెప్తే ఏం లాభం? మా పాపకి చెప్పండి. ఎక్కడ నవ్వారో అక్కడ. పెట్టె సంగతి ఆ తర్వాత చూద్దాం."

శనివారానికి కిటికీలన్నీ పూర్తయ్యాయి. తాళం పెట్టిన పెట్టె గుమ్మం పక్కనే ఉండిపోయింది.

ఆదివారం పెద్దమేస్త్రీ పిల్లల గదిలో చిన్న బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. పాప వాళ్ళ నాన్న వేలు పట్టుకుని తలుపు దగ్గరే ఆగింది. ఆయన గొంతు ఎంత తగ్గించాడంటే, పిల్లలు ముందుకి జరిగి వినాల్సి వచ్చింది.

"మీరు కూర్చున్న ఈ బెంచీలు చేసింది ఈ పాప వాళ్ళ నాన్న," అని అతని పేరు చెప్పాడు. "తలుపు కురచయింది నా వల్ల. తప్పు కొలత నేను చెప్పి, తప్పు ఆయన నెత్తిన రుద్ది, పదిమందిని నవ్వించాను. దేవుడు నన్ను క్షమించాలి. అంతకంటే ముందు ఆయన క్షమించాలి."

పాప నాన్న వెనకనుంచి తల బయటపెట్టింది.

"అయితే కురచతలుపు నువ్వా తాతా?"

గది మళ్ళీ గొల్లుమంది. మేస్త్రీ భార్య హాజరు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నేనేనమ్మా," అన్నాడాయన.

పాప, నాన్న వేలు వదిలేసి వచ్చి ముందు బెంచీలో కూర్చుంది.

సోమవారం అతను తన మేకుకి చొక్కా తగిలించి పెట్టె తాళం తీశాడు. పెద్దమేస్త్రీ చెవి మీద పెన్సిలుతో వచ్చాడు. కొలతలు చెక్క మీదే రాయడం మొదలుపెట్టాడు. అంతలో చెక్కల దొంతర వెనకనుంచి ఎవరో గుసగుసగా, "కురచతలుపుగారొచ్చారు, జరగండ్రా!" అని, ఆపుకోలేక రెండుసార్లు తుమ్మారు.

షెడ్డంతా కొయ్యబారింది.

"ఆఁ, వచ్చాను," అని పలికి, పెద్దమేస్త్రీ రెండో చెక్క తీసుకున్నాడు.