ఒకే గొయ్యి, మూడు రాళ్లు

పెరట్లో మొక్క పెంచుతున్న నూనె డబ్బా ఖాళీగా ఉంది. మొక్క లేదు.

జ్ఞానసుందరి చెప్పులైనా వేసుకోకుండా చర్చికి పరుగెత్తింది.

పాతపట్నం చర్చి ఆవరణలో ఆమె భర్త అబ్రహాం నాటిన పనస చెట్టు తిత్లీ తుఫానుకు కూలిపోయింది. ఆయనా ఇప్పుడు లేడు. ఆ చెట్టు గింజ నుంచి మొలిచిన మొక్క ఇదొక్కటే. ఈ రోజు చర్చి వజ్రోత్సవం. మొక్కను పాత చోటే తన చేత్తో నాటాలని ఆమె ఏడాదిగా కాచుకుని ఉంది.

గోడకు మూడు చలువరాతి పలకలు ఆనించి ఉన్నాయి. ముగ్గురు అతిథులు, మూడు పేర్లు. గొయ్యి మాత్రం ఒకటే. అందులో నిలబడింది ఆమె పనసే.

తన పేరున్న రాయిని గొయ్యి పక్కన నిలబెట్టాక మొదటి అతిథి మట్టి వేశాడు. కెమెరా మెరిసింది. ఆయన పక్కకు తిరిగి కిళ్లీ ఉమ్మాడు. ఆ ఎర్రటి ఉమ్ము మొక్క మొదట్లో పడింది.

ఆయన కారు గేటు దాటగానే కమిటీ కార్యదర్శి శాంతికుమార్ రాయి తీసి, మొక్కను పట్టుకుని పైకి లాగాడు.

"ఒరే శాంతీ! ఏటిరా ఆ పని?"

"గొడవ సెయ్యకు అత్తా. రెండో ఆయన వస్తన్నాడు. నర్సరీ మొక్కలు జానెడైనా లేవు, ఫొటోలో అగుపడవు. నీది ఎత్తుగా ఉన్నాది గదా!"

"నిన్న అడిగితే ఇవ్వనన్నాను గదరా. దొంగిలించీసినావా?"

"దేవుడి పనికి దొంగతనమేటి? సాయంత్రం ఇచ్చీస్తాను."

"పనసరా అది! తల్లివేరు తెగితే బతకదు. మీ అయ్య నీకది కూడా సెప్పలేదేటి?"

కమిటీవాళ్లు నవ్వుతూ ఆమెను భుజాలు పట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. చేతిలో కూల్‌డ్రింక్ పెట్టారు. రెండో రాయి, రెండో ఫొటో, మళ్లీ లాగుడు. ఈసారి టప్‌మంది. తల్లివేరు సగం గోతిలోనే ఉండిపోయింది. తెగిన చోట పాలు కారుతుంటే శాంతికుమార్ దాని మీద మట్టి మెత్తి మళ్లీ నిలబెట్టాడు.

మూడో అతిథి చెంబుతో నీళ్లు పోసి మైకు అందుకున్నాడు.

"ఈ మొక్క మహావృక్షమై మన పిల్లలకు నీడనివ్వాలి!"

జ్ఞానసుందరి విసురుగా లేచింది. ఎవరూ ఆపలేకపోయారు. రెండు వేళ్లతో ఎత్తగానే మొక్క పైకి వచ్చేసింది. తెగిన మొదలును ఆయన మొహం ముందు పెట్టింది.

"సచ్చిపోనాది బాబూ. మీరు నీళ్లు పోసింది పీనుక్కి."

ఆ మాట మైకులో ఆవరణంతా వినిపించింది.

మొక్కను అదే గోతిలో అడ్డంగా పడుకోబెట్టి ఆమె పాస్టరు వైపు తిరిగింది.

"ప్రార్థన సెయ్యండయ్యా. ఒరే శాంతీ, కొత్త రాయి అక్కర్లేదు. ఆ మూడూ తలవైపు పాతు. సంపినోళ్ల పేర్లు ఉండాల గదా."

పాస్టరు బైబిలు తెరవలేదు. సమాధికి వేసినట్టు ఆమే పిడికెడు మట్టి వేసింది. కిళ్లీ ఉమ్ముతో తడిసిన మట్టే చేతికి దొరికింది.