మూడవ కాలు లేని ప్లగ్గు

శ్రావణమాసపు అపరాహ్ణమున నీలమేఘములు కొండగట్లపై నొరగి ఎడతెగని ధారలు విడుచుచుండగా విజయనగరపు పొలిమేరయందలి జనుపమిల్లు కూలీల పెంకుటిండ్ల వరుస యంతయు తడిసి ముద్దయై యుండెను. గోడలు చెమర్చెను. నేల చెమర్చెను. పట్టపగలే యిండ్లలో చీకటి గూడుకట్టెను.

ఆ వరుసలోని చివరి యింట నూకరత్నమను యువతి యొక పనిబల్లను సిద్ధపఱచుకొని యుండెను. ఆ వంశమున పట్టము పుచ్చుకొన్న మొదటి మనిషి యామెయే. చెడిన రేడియోలను విప్పి వాని గర్భమునందలి విద్యుద్రహస్యములను స్వహస్తములతో నెఱుగవలెనన్న కోరిక కళాశాలనాటినుండియు నామెను విడువకుండెను. చేతిలోనున్నది స్వల్పమగుటచే గతించిన తల్లి కుట్టుమిషను యినుపచట్రముపై పాత తలుపుచెక్క పఱచి బల్ల చేసెను. కరెంటు కొలుచు మీటరు మాత్రము క్రొత్తది కొనెను. సీసము కరగించి తీగల నతుకు సోల్డరింగు కడ్డీని పాతసామానుల కొట్టున సంపాదించి చట్రమునకు కట్టిన తీగకొక్కెమున వ్రేలాడదీసెను. దాని ప్లగ్గునకు మూడు కాళ్లు. గోడసాకెట్టునకు రెండే రంధ్రములు. మిక్సీకైనను ఇస్త్రీపెట్టెకైనను ఆ వీథివారెల్లరు చేయు పనినే యామెయు చేసెను. దారితప్పిన కరెంటును భూమిలోనికి దించునది ఆ మూడవ కాలేయని పుస్తకమున చదివియు పటకారుతో దానిని విఱిచి పాఱవైచెను.

ఆమె తండ్రి సన్యాసినాయుడు ముప్పదియేండ్లు మిల్లులో యంత్రములకు నూనె పోసినవాడు. తోటికూలి యొకడు కరెంటు తగిలి కూలుట కన్నులార చూచిన నాటినుండి యింటి దీపపు స్విచ్చినైనను పొడిగుడ్డతో గాని నొక్కడు.

"ఏటే గుంటా, కొంపలో సబ్‌స్టేసనెడతన్నావేటి?" అని యాతడు గుమ్మముకడ నిలిచి గొణిగెను.

"నీకు బయ్యమెక్కువ నాన్నా. మూడ్రోజుల్నుంచి సేత్తన్నాను, సీమ కుట్టినట్టయినా నేదు."

"నువ్వంతన్నావు. అదొప్పుకుందా?"

ఆమె నవ్వి కడ్డీ స్విచ్చి వేసెను. ఆ జీర్ణమైన కడ్డీలోనుండి కొక్కెమునకు, కొక్కెమునుండి చట్రమునకు విద్యుత్తు అదృశ్యసర్పమువలె ప్రాకుచున్న సంగతి ఆమె యెఱుగదు.

కొంతసేపటికి సన్యాసినాయుడు పెరటిలో కాళ్లు కడుగుకొని కూతునకు టీ గ్లాసు తెచ్చెను. వట్టికాళ్లతో తడినేలపై నిలిచి గ్లాసు నుంచబోవుచు అలవాటు చొప్పున ముందుగా కుడిచేతి వెనుకభాగమును చట్రమునకు తాకించెను. మిల్లువారి పద్ధతి యది. అఱచేత ముట్టినచో కరెంటు పిడికిలి బిగియించి పట్టుకొనును. చేతి వెనుక ముట్టినచో విదిల్చివేయును.

చేయి విదిలిపోయెను. గ్లాసు భళ్లున పగిలెను. ఆతడు వెనుకకు తూలి గోడ కానుకొని జాఱి కూలబడెను.

నూకరత్నము ప్లగ్గును పెఱికి తండ్రి ముందు మోకరిల్లెను. ఆతని కన్నులు తెఱచియుండెను గాని ఱెప్పలు కదలవు. వానచప్పుడులో ఊపిరి వినరాదు. "నాన్నా! నాన్నా!" అని యామె చేసిన కేక యామెకే పరాయిగొంతువలె తోచెను. తాను ప్లగ్గు కాలు విఱిచినప్పటి 'పుటుక్కు'మన్న చప్పుడే చెవులలో మరల మరల మ్రోగెను.

ఎంతకో ఆతని పెదవులు కదలెను.

"సదువు నీది... పరీచ్చ నాకెట్టినావేటే?"

ఆమె నవ్వలేదు. తన పాదములవంక చూచుకొనెను. రబ్బరు చెప్పులు! మూడుదినములు ఆ చెప్పులు మాత్రమే తన్ను కాచినవని యప్పుడెఱిగెను. మఱుక్షణమే బల్లచెక్కను లాగివేయబోయెను.

"తీసీకు. మీ యమ్మ సట్రమది. బాగు సెయ్యి."

రెండుదినములకు కరెంటుపనివాడు పెరటిలో గొయ్యి త్రవ్వి ఉప్పును బొగ్గును నింపి రాగితీగ దించి మూడు రంధ్రముల సాకెట్టు బిగించి పోయెను. పాతకడ్డీ చెత్తలో చేరెను. క్రొత్తకడ్డీ వేడెక్కుచుండగా నూకరత్నము టెస్టరును చట్రమునకు తాకించెను. అది వెలుగలేదు. అయినను ఆమె చెప్పులు విడిచి తడినేలపై నిలిచెను.

"ఒద్దే తల్లీ, నాను సూత్తాను," అని తండ్రి ముందుకు వచ్చెను.

"నువ్వాగు నాన్నా. ఈపాలి నాను."

ప్లగ్గు కాలు విఱుచునాడు లేశమైనను చలింపని ఆ చేయి ఇప్పుడు ఇనుమునకు అంగుళము దూరమున నిలిచి గడగడలాడెను. ఆమె కన్నులు మూసి తాకెను.

ఇనుము చల్లగా నుండెను. అంతే.

చేతివణకు మాత్రము తగ్గలేదు. దానిని తగ్గించుకొనుటకు ఆమె యత్నింపను లేదు. ఏ కొట్టునను దొరకని ఆ భయమను పనిముట్టు తనకు తండ్రిప్రాణము మీదుగా సంక్రమించెనని తెలిసి, ప్లగ్గు నింకొకమాఱు పరికించి, పనికి కూర్చుండెను.