మడిలో గీచిన బొగ్గుగీతలు

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి ప్రాతఃకాలమున, కురిసి కురిసి విసివిన మేఘములు కోనసీమ కొబ్బరితోటలపై మురికిగుడ్డలవలె వ్రేలాడుచుండగా, కాలువలలో కుళ్ళిన గుఱ్ఱపుడెక్క దుర్గంధము వీథులన్నిటను వ్యాపించుచుండగా, ఒక్క గృహము మాత్రము గోమయానులిప్తప్రాంగణమై రంగవల్లీవిరాజితమై ధూపసౌరభబంధురమై శోభిల్లుచుండెను. నేను చెప్పబోవు రోత యంతయు ఆ యింటిలోనే జరిగినది.

ఆ గృహస్థు విశ్వపతి ఘనపాఠి. మద్యగంధమైన నెఱుగని యాతనికి ఎన్నడో సోకిన కామెరలు కాలేయమును లోలోన ఎండగట్టగా, ఊరివారు చాటున త్రాగుబోతని గుసగుసలాడిరి. ఏడాదిగా బుద్ధియు తప్పుచు వచ్చెను. పగలెల్ల మగతగా పడియుండును. చాచిన చేతులు నిలువక రెక్కలవలె కొట్టుకొనును. డాక్టరమ్మ తీయని పాకమువంటి మందొకటి యిచ్చి ఆతని భార్య సుందరాంబతో స్పష్టముగా చెప్పియుండెను.

“ఆయన కాలేయం రక్తాన్ని శుభ్రం చేయలేకపోతోందమ్మా. పేగుల్లో నిలవున్న విషం తిన్నగా మెదడుకెక్కుతుంది. రోజుకి మూడుసార్లయినా విరేచనం అవ్వాలి. మందు ఆపితే మనిషి మనకి దక్కడు.”

నాటినుండి ఆ యిల్లాలు భర్త పెరటికి పోయివచ్చిన ప్రతిపర్యాయము దొడ్డిగోడపై బొగ్గుతో ఒక గీత గీచుచుండెను. దినమునకు మూడు గీతలున్ననాడు ఆతడు ఆమెను పేరుపెట్టి పిలుచును. లేనినాడు ఎవరో పరాయిదానివలె చూచును.

అట్లుండ నవరాత్రములు వచ్చెను. విశ్వపతి యగ్రజుడు పేరావధాని ఆచారపరాయణుడు, మడితో మొదలై మడితోనే ముగియు బుద్ధి గలవాడు. తొమ్మిది దినముల హోమమునకు తమ్ముడే కర్త. కర్త క్షణక్షణము పెరటికి పరుగిడిన లోక మేమనును? దీక్షితులైన సోదరు లిరువురును పూజాగృహముననే శయనించుట ఆ యింటి నియమము.

“మందు నేను పోస్తాలే అమ్మాయ్, గీతలూ నేనే గీస్తా. నువ్వు నైవేద్యం చూసుకో” అని ఆతడు మరదలికి చెప్పెను.

చెప్పినవాడు ముప్పూటల ఆ మందును తులసికోట వెనుక పారబోసెను. అంతతో ఊరకొనెనా? మరదలు శంకింపకుండ దొడ్డిగోడపై దినమునకు మూడేసి గీతలు స్వహస్తమున గీచి, మరల స్నానమాచరించి మడి కట్టుకొనెను. 

నాలవ దినమున అగ్నిహోత్రము జ్వలించుచుండగా విశ్వపతి చేతిలోని స్రువము తటతట కొట్టుకొని నేయి నేలపాలయ్యెను. నలువది యేండ్లుగా నాలుకపై నిలిచిన మంత్రము నడుమ తెగెను. ఆతడు పక్కనున్న భార్యవంక వెఱ్ఱిచూపులు చూచి “ఎవరమ్మా నువ్వు?” అని యడిగి, కూర్చున్న పీటపైననే మూత్రము విడిచి ఒరిగిపోయెను. పేరావధాని “అపచారం” అనుచు ముందుగా కలశము నెత్తుకొని దూరముగా పోయెను, పడిన తమ్ముని గాదు.

నీటికై పెరటికి పరుగెత్తిన సుందరాంబకు తులసికోట వెనుక నల్లని చీమలబారు కనబడెను. వంగి మట్టిని ముట్టిచూడగా జిగటగా నుండెను. గోడపై ఆ మూడు దినములకు తొమ్మిది గీతలు. ఆమెకు సర్వము తెలిసెను.

పట్టణములోని ఆసుపత్రిలో అపానమార్గమున ఆ మందే యెక్కించిరి. మూడు దినముల మురుగు వెడలుచుండగా ఆమె పళ్ళెము పట్టి కడిగి తుడిచి మరల పట్టెను. పేరావధాని ఉత్తరీయము ముక్కున కడ్డుపెట్టుకొని గుమ్మమున నిలిచియుండెను. ఆ గదిలో నిజముగా కంపుకొట్టిన దెద్దియో నేను వేరుగ చెప్పనక్కఱలేదు.

మరుదినము అపరాహ్ణమున రోగి కన్ను విప్పెను. “సుందరీ” అనెను. ఆమె గోడవైపు తిరిగి వెక్కివెక్కి యేడ్చెను. కాని నేర్చిన వేదఘనలో సగమే తిరిగివచ్చెను. తక్కినది ఎన్నటికిని రాలేదు.

ఇల్లు చేరిన దినమున ఆమె తడిగుడ్డతో ఆ తొమ్మిది గీతలను తుడిచి, బావగారి యరచేత బొగ్గుముక్క నుంచెను.

“ఇవి మీరు గీసినవి బావగారూ. ఇక ఆయనతో పెరటికి వెళ్ళి, కడిగి, అప్పుడు గీయండి.”

పేరావధాని తమ్ముని చేయిపట్టి తీసికొనిపోయెను. ఎంతయో సేపటికి వెలుపలికి వచ్చి గోడపై ఒక గీత గీచెను. తడిచేతి నంటిన ఆ మసి ఎండువఱకు స్నానమునకు నూతివైపు పోక అచ్చటనే నిలిచియుండెను.